కుడివైపు పేజీ

మా యూసుఫ్‌గూడ గల్లీలో సినిమా కథలు రాసుకునేవాళ్ళు ఎక్కువ. ఎదుటివాడి చేతిలో పెన్ను ఉంటే, రాసుకుని కొట్టేస్తాడని భయపడి వాళ్ళు కథ చెప్పరు. ముందు పెన్ను జేబులో పెట్టించి, ఆ తర్వాతే నోరు తెరుస్తారు. ఆ గాలి పీల్చి పెరిగినదాన్ని, నాకు అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ ఊగిపోతున్న ఆ రోజుల్లో, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. అనుమానించినందుకు జీతమిచ్చేవాళ్ళు!

ఎంబీఏ ప్రవేశపరీక్ష మాత్రం రెండుసార్లు పోయింది. లెక్కలు బాగానే చేసేదాన్ని. ఇంగ్లీషు పేరా చదివి జవాబులు గుర్తించే దగ్గరే బోల్తా పడేదాన్ని. మూడోసారీ పోతే మళ్ళీ చదువు మాట ఎత్తొద్దని నాన్న తేల్చేశాడు.

అప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఒక మాస్టారి దగ్గర చేరాను. కోస్తావైపు మనిషి. మొదట ఇంగ్లీషు లెక్చరర్, తర్వాత చాలా ఏళ్ళు సినిమా కథాచర్చల్లో కూర్చున్నారు. పాఠమూ అలాగే చెప్పేవారు. పేరా ఒక్కసారి చదవాలి, పుస్తకం మూసేయాలి, అందులో ఏముందో తెలుగులో ఆయనకు చెప్పాలి. నేను చెబుతుంటే ఆయన నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

పెన్ను చూడగానే నాకు మా గల్లీ గుర్తొచ్చింది. ఒకరోజు చీమల మీద పరిశోధన చేసినాయన గురించి పేరా వచ్చింది. తన పాత అభిప్రాయం తప్పని ఆయన ఒప్పుకున్నాడట.

"ఎవరో బెదిరించి ఉంటరు సార్," అన్నాను.

మాస్టారు తలూపి గబగబా రాసుకున్నారు. చీమల్లో దోచుకోవడానికి ఏముంది? ఏ సినిమా కథకో ఆయనకు కావలసింది నేను అల్లిన బెదిరింపే అయ్యుండాలి. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"నీ అనుమానం పాడుగాను! గాయనేం చేసుకుంటడే నీ చీమల కథ?" అంది.

పరీక్ష పది రోజులుందనగా ఇక ఆగలేకపోయాను. "నేను చెప్పేటివన్నీ రాసుకొని ఎవరికిస్తున్నరు సార్?" అని అడిగేశాను.

ఆయన ముఖం పాలిపోయింది. "నన్ను కథల దొంగ అంటున్నావా అమ్మా?" అన్నారు మెల్లగా. ఫిల్మ్‌నగర్‌లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "ఇది నీకోసం రాసిందే. పట్టుకెళ్ళు. రేపట్నుంచి రావద్దు."

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు కోసం నిలబడి తెరిచాను. ఎడమవైపు పేజీలకు 'పేరాలో ఉన్నది' అని పేరు. కుడివైపు పేజీలకు 'అమ్మాయి కలిపింది' అని. ఎడమవైపు నాలుగు వరుసలుంటే, కుడివైపు కిందిదాకా నిండిపోయింది. బెదిరించారు, దాచారు, కుళ్ళుకున్నారు... నేను తప్పు పెట్టిన జవాబులన్నీ ఆ కుడివైపు నుంచి వచ్చినవే. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు బస్సులు వదిలేశాను.

ఆ పది రోజులూ అలాగే రెండు పేజీలు పెట్టుకుని ఒక్కదాన్నే చదివాను. పరీక్షలో ప్రతి జవాబు దగ్గరా ఆగి, ఇది పేరా అన్నదా, నేనన్నదా అని చూసుకున్నాను. సీటు వచ్చింది.

ఆ కబురు పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన తలుపు తీసి, కూర్చోమన్నారు. బల్ల మీదున్న పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు.

నా బుర్రలో కుడివైపు పేజీ గబగబా నిండబోయింది. కోపమేమో, ఎత్తిపొడుపేమో, ఇక జన్మలో నమ్మరేమో. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు, అంతవరకే నాకు తెలుసు.

"తప్పు నాదే సార్," అన్నాను.