నడిమి స్తంభంలో మూడో దెబ్బ

దెయ్యం స్వయంగా వచ్చి రేషన్ కార్డు చూపించినా, నకిలీదని వెనక్కి పంపే రకం నేను. ఇది చదివేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో, ఖర్కాయి నది మీది ఒక పాత వంతెనకు భూకంపం వచ్చినా తట్టుకునేలా బలం చేకూర్చే పని మొదలైంది. నేను కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ని. లారీ ఎక్కితే ముందు వంతెన దగ్గేది, ఆ తర్వాతే లారీ కదిలేది. ఒడ్డున గుడిసెలు తీసేసి మెట్లు కట్టి, పూలతోట వేస్తామన్నారు. ఆ ఒడ్డు కంపు కాసిడీహ్‌లో మా ఇంటిదాకా నడిచొచ్చి తలుపు కొట్టేది కాబట్టి నేను సంతోషించాను.

ఆ గుడిసెల్లో ఒకటి మా సన్యాసి మావయ్యది. అమ్మకు వరసకు తమ్ముడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా వంతెన మీదే కూలి చేస్తున్న ఖలాసీ. వానల్లోపు పని ముగిస్తే తోటలో కాపలా ఉద్యోగం, ఒక గది ఇస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడు. మావయ్యకూ అత్తకూ మిగిలిన ఆశ ఆ గదే.

రాతి స్తంభానికి అటొకడు ఇటొకడు పరంజా ఎక్కి, సుత్తితో కొట్టి చూస్తారు. డొల్లగా మోగిన చోట గుర్తు పెడితే, తర్వాత అక్కడ సిమెంటు ఎక్కిస్తారు. ఒకరికొకరు కనబడరు గనుక వాళ్లకో కట్టుబాటు ఉంది. అవతలివాడు రెండు దెబ్బలు కొడితే అంతా బాగుందని. మూడు కొడితే దిగిపొమ్మని. మూడు విన్నవాడు ఎందుకని అడగడు, దిగుతాడు.

నది నడిమి స్తంభం దగ్గర మావయ్య ఒకే పొద్దున నాలుగుసార్లు దిగాడు. అవతల ఎవరూ లేరు. జతగాడు జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు.

"ఏటి మావయ్యా, నిచ్చెన అరిగిపోతాది!"

"మూడు కొట్టినారల్లుడా. నానిన్నాను."

"ఎవలు, చేపలా?"

"చేపకి సుత్తి ఎవుడిత్తాడ్రా, ఎర్రి గుంటడా!"

ఇంజనీరు అరిచాడు: "అరే సన్యాసీ, ఊపర్ జావ్! నహీ తో దూస్రా ఆద్మీ లాయేంగే."

పైకెక్కకపోతే వేరే మనిషిని తెస్తాడట, తెస్తే గది పోయినట్టే. అప్పుడు నాకో గొప్ప తెలివి పుట్టింది. ఏనుగులు సైతం పక్కకు తప్పుకునే నా ఒంటిని అవతలి పరంజా ఎక్కించాను. నేనే రెండు దెబ్బలు కొడితే మావయ్య ధైర్యంగా పని చేసుకుంటాడని.

ఒకటి కొట్టాను. రెండు కొట్టాను. సుత్తి దించేశాను.

మూడోది మోగింది.

నా ఎడమ అరచేయి రాతిమీదే ఉంది. ఆ దెబ్బ లోపలి నుంచి అరచేతికి తగిలింది. మిగతావాటికి ఎంత ఉప్పూ కారం చల్లినా, దీనికి మాత్రం నేనేమీ కలపలేదు.

దిగేసరికి మావయ్య అప్పటికే కింద ఉన్నాడు. "నువ్వేనేటి కొట్టింది?" అన్నాడు.

"రెండే" అన్నాను.

ఆయన మళ్లీ ఎక్కలేదు. నేను విన్నది ఇంజనీరుకు చెప్పనూ లేదు. నా ఉద్యోగం నాకుండాలిగా.

మర్నాడు వేరే మనిషి ఎక్కి, వారంలో ఆ స్తంభం ముగించాడు. పరంజా కూలలేదు, రాయి జారలేదు, అతనికి కనీసం తుమ్మైనా రాలేదు. గది అతనికే వచ్చింది. వానలకు ముందే గుడిసెలు తీసేశారు. మావయ్యా అత్తా జుగ్సలాయిలో ఒక గోదాము అరుగు మీదికి చేరారు.

ఆ దెబ్బ ఎవరిదో, దేనికోసమో నాకు నేటికీ అంతుబట్టలేదు. ప్రమాదమే లేనప్పుడు ఆయన్ని దింపడమెందుకు?

చూడ్డానికి వెళ్లినప్పుడల్లా మావయ్య గొంతు తగ్గించి ఒకటే అడిగేవాడు: "ఎవలైనా పడ్డారేటల్లుడా?"

ఒకరి చెడు కోరే మనిషి కాదు. పడలేదంటే తలూపి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోయేదాకా అడిగాడు. పోయేదాకా నేను లేదనే చెప్పాను.