బొట్టుకు తట్టుకునే మోడెం

ధర్మవరంలో మాది చిన్న ఇంటర్నెట్ సర్వీసు. కనెక్షన్లు ఇచ్చేది నేనే, రిపేర్లకు పోయేదీ నేనే. అందుకే కస్టమర్లకు ఏ మోడెం ఇవ్వాలో ఎంచే పని మా యజమాని ఓసారి నాకే అప్పజెప్పాడు. శాంపిల్‌గా రెండు వచ్చాయి. ఒకటి నాలుగు యాంటెనాలతో, పైన జల్లెడలా చిల్లులతో మహా దర్జాగా ఉంది. రెండోది టిఫిన్ డబ్బాలా బోసిగా ఉంది. దాని చిల్లులు పక్కవైపు. వేగం రెండింటిదీ ఒకటే. నేను దర్జాకే ఓటేశాను. ఊరంతా అవే బిగించాను.

ఆయుధపూజ మరునాడు పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు. అందరికంటే ఎక్కువ కంగారుపడింది మగ్గం నేసే ఒక అక్క. పదకొండు గంటలకు బళ్ళారి పెళ్ళివాళ్ళకు ఆమె వీడియోలో చీరలు చూపించాలి. నెలల తరబడి నేసిన చీరలు. ఆ పూట కుదరకపోతే వాళ్ళు ఇంకో మగ్గం వెతుక్కుంటారు. ముందు ఆమె ఇంటికే పరుగెత్తాను.

వెళ్ళి చూస్తే మగ్గానికి పసుపు, కుంకుమ, పూలు. పక్కన గూట్లో ఉన్న మోడెంకీ అవే. కుంకుమ, పసుపునీళ్ళు కలిసి చిల్లుల్లోంచి లోపలికి దిగిపోయాయి. పెట్టె ఉలకదు, పలకదు. నాకు ఒళ్ళు మండింది.

"కరెంటు వస్తువు మీద ఎవరైనా నీళ్ళు చల్లుతారా అక్కా?"

"ఏమప్పా, మగ్గానికి చేసి దీనికి చేయకుంటే ఎట్ల? మా చీరలు అమ్మిపెడతాండేది ఇదే కదా!"

ముందురోజు నా స్క్రూడ్రైవర్లకు నేనూ బొట్టు పెట్టినవాణ్ణే. మోడెం ఎంచేటప్పుడు మాత్రం ఆ సంగతి తట్టలేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఆ పెట్టెకంటే నాకే బాగా సరిపోతుంది. సిగ్గేసింది.

బండి డిక్కీలో ఆ బోసి శాంపిల్ ఇంకా పడి ఉంది. తెచ్చి బిగించాను. పదకొండుకు ఐదు నిమిషాలుందనగా పచ్చ లైటు వెలిగింది. పెళ్ళికూతురి తల్లి ఫోన్‌లో కనబడి, అంచు దగ్గరగా చూపమంది. అక్క అంచును ఫోన్‌కు దగ్గరగా పట్టింది. అరగంటలో మూడు చీరలు కుదిరాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇకమీదట ఇవే తెప్పించమని అక్కడి నుంచే యజమానికి ఫోన్ చేశాను.

నేను బయల్దేరుతుంటే అక్క కుంకుమ భరిణె తెచ్చి, మోడెం ముందు జంకుతూ నిలబడింది.

"దీనికి బొట్టు యాడ పెట్టాలప్పా?"

చిల్లుల్లేని నున్నటి పైభాగాన్ని వేలితో చూపించాను.

"ఈడ పెట్టక్కా. నీళ్ళు మాత్రం వద్దు."