మిషన్ మీద పంతంతో వండిన ఆల్చిప్పల కూర

"డబ్బా ముట్టుకోవద్దని చెప్పానా లేదా నాయనమ్మా?"

"ముట్టుకోకుండా ఎట్టా వండుతారే? వండాను, తిన్నాను, నీ ఎదురుగానే నిలబడ్డాను. తెనాల్లో ఒక ముసల్ది ఇంకా బతికే ఉందని మీ మిషన్‌కి చెప్పు."

ఆ రోజుల్లో నేనట్టాగే మాట్లాడేదాన్ని. వయసు అరవై దాటినా ఒంట్లో పొగరు పద్దెనిమిదేళ్ళదే. నాలుగో తరగతిలో బడి మానేసిన నాకు, బాపట్ల ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవరాలు కూర గురించి పాఠం చెప్పడమేంటని మంట. రేపల్లె అవతల ఉప్పుకాలవలో నీళ్ళు ఎర్రబారాయట. కంటికి కనపడని నాచేదో పెరిగిందట, అది తిన్న ఆల్చిప్పల్లో విషం చేరుతుందట, ఉడికించినా పోదట, రంగూ వాసనా ఉండవట. ల్యాబు వాళ్ళు తేల్చేదాకా ఏరొద్దన్నారని, ఆ కాలవనే నమ్ముకున్న ఆడవాళ్ళు వారం నుంచి గంపలు బోర్లించి కూర్చున్నారు. తేల్చేదేమో బీరువా అంత మిషన్, పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. మాంసం రుబ్బి, మందునీళ్ళలో కలిపి, ఆ రసం లోపలికి పంపితే, నలుసులో నలుసుగా ఉన్న విషాన్ని కూడా బరువు చూసి పట్టేస్తుందట. (నలుసుని తూచడానికి బీరువా ఎందుకో. నా ముక్కు ఇంతే ఉంది, కరెంటు కూడా తాగదు.)

ఆ సాయంత్రం మనవరాలు రేపల్లె బండి దిగి వచ్చి, ఐసులో ఆల్చిప్పలు వేసిన డబ్బా ఫ్రిజ్జులో పెట్టి, పొద్దున బాపట్ల తీసుకెళ్ళాలి, ముట్టుకోవద్దని చెప్పి ప్రార్థన కూడికకి వెళ్ళింది. నేను మూత తీసి వాసన చూశాను. నవనవలాడుతున్నాయి. ఇంత మంచి సరుకు రుబ్బి మిషన్‌కి పోస్తారా అని కడుపు మండి, ఉల్లిపాయలు వేయించి చింతపండు పులుసు పోసి దించాను. వెండి చెంచా ముంచి చూశాను, నల్లబడలేదు. ప్రార్థన చేసుకునే తిన్నాను.

కూడిక నుంచి వచ్చిన మనవరాలు, పెదాలు తిమ్మిరెక్కాయా, నాలుక మొద్దుబారిందా అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఖాళీ డబ్బా పట్టుకుని నేల మీద కూలబడింది.

"అవి మంచివి నాయనమ్మా. పరీక్షలో బాగున్నాయని తేలిన కాలవలో ఏరినవి. వీటి పక్కన పెట్టి చూస్తేనే మిషన్ ఆ ఎర్రబారిన కాలవ వాటి సంగతి చెప్పేది. రేపు మిషన్ దగ్గర మా వంతు. తప్పితే ఆ ఆడవాళ్ళు ఇంకో వారం కూర్చోవాలి."

అంటే నేను ప్రాణానికి తెగించి తిన్నది ఉత్త ఆల్చిప్పల కూర. అయినా తగ్గితేనా? మంచివని వాసన చూసి నేను ముందే కనిపెట్టాను కదా అన్నాను.

"అంత నమ్మకముంటే తాతయ్యకి పచ్చడి మెతుకులెందుకు పెట్టావు?"

ఆయన గోంగూర అన్నం కలుపుతూ తలెత్తి నా వంక చూశారు. (పిల్లికి కూడా పెట్టలేదు. ఆ సంగతి నేనే ఇన్నాళ్ళకి చెబుతున్నాను.)

మర్నాడు మొదటి బండికి ఆ పిల్లతో రేపల్లె వెళ్ళాను. చీర ఎగదోపి, ఆ మంచి కాలవలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆల్చిప్పలు ఏరాను. బాపట్ల దాకా డబ్బా నా ఒళ్ళోనే ఉంది. మూత తీయలేదు.