చరణంగారు

మా కోనసీమలో "ఆయ్" అంటే అవునని అర్థమని బయటివాళ్ళు అనుకుంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ మాటను నమ్ముకుని బెజవాడ దాకా వెళ్ళి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాక గానీ దాని అసలు సంగతి నాకు బోధపడలేదు.

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో ఒక చిన్న బడిలో టీచరుగా ఉండేదాన్ని. ఆదివారం చర్చిలో పాడేదాన్ని. శనివారం సాయంత్రం మాత్రం మా వీధి చివర ఒక పెంకుటింటి అరుగు మీదకి చేరిపోయేదాన్ని. ఆ ఇంటాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, హార్మోనియం వాయించేవారు. ఆయన ప్రార్థన వేరు, నా ప్రార్థన వేరు, చుట్టరికం బొత్తిగా లేదు. అయినా నాకు ఆయన బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు. పిన్నిగారు పాడేవారు కాదు, వాయించేవారు కాదు. అందరికీ టీలు ఇచ్చి, గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చుని వినేవారు. కాట్రేనికోన నుంచి తబలా సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంకొకాయన వచ్చేవారు. వాళ్ళది సముద్రం మీదకి పడవలు పంపే కుటుంబం. ఆయన్ని అన్నయ్యగారనేదాన్ని.

మాలో ఎవరూ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళం కాదు. పాటలు మేమే రాసుకుని, మేమే వరస కట్టుకుని, ఒకరికొకరం వినిపించుకునేవాళ్ళం. విన్నవాళ్ళు అభిప్రాయం చెప్పి తీరాలని బాబాయిగారు పెట్టిన నియమం. అభిప్రాయమంటే ఏముంది, "ఆయ్, బాగుందండి". ఎవరి పాటకైనా అదే. పిన్నిగారి టీకి కూడా అదే.

రేడియోలో నా గొంతు వినాలని మా అమ్మకి మహా ఇదిగా ఉండేది. నాకంటే ఆవిడకే ఎక్కువ. సాయంత్రం రేడియోలో ఎవరైనా పాడుతుంటే, నీకంటే బాగా ఏం పాడుతోంది ఈవిడ అనేది. కాకిపిల్ల కాకికి ముద్దని నేను నవ్వేదాన్ని. చివరికి లలిత సంగీతంలో స్వర పరీక్షకి రమ్మని బెజవాడ నుంచి పిలుపు వచ్చింది. సొంత పాటొకటి పాడొచ్చన్నారు. అరుగు మీద నెలల తరబడి ఆ పాట వినిపించాను. ఆయ్ అన్నారు, మళ్ళీ పాడాను, మళ్ళీ ఆయ్ అన్నారు. ఇంకేం కావాలి?

బెజవాడ రేడియో స్టేషన్లో అద్దం అవతల కూర్చున్నవాళ్ళు మైకులో "మొదలుపెడతారా?" అని అడిగారు. నేను "ఆయ్" అన్నాను. వాళ్ళు ఆగారు, నేనూ ఆగాను. కాసేపయ్యాక, "ఆలాపన మధ్యలో ఆపేశారేం? కానివ్వండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాట పాడాను. బయటికొచ్చాక అక్కడి పెద్దాయన ఒకరు మర్యాదగానే, గొంతు బాగుంది గానీ చరణాల్లో తాళం సాగిపోతోందమ్మా, మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా అని అడిగారు. పరీక్ష పోయినందుకు కాదు గానీ ఆ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం దాకా ఆగడం నావల్ల కాలేదు. బస్సు దిగి తిన్నగా అరుగు మీదకే వెళ్ళాను. తాళం సాగుతోందని మీకు తెలియదా అని బాబాయిగారిని నిలదీశాను. ఆయన హార్మోనియం మీద దుమ్ము తుడుస్తూ, తెలుసునన్నారు. అన్నయ్యగారికీ తెలుసునట. అంత దూరం ప్రయాణం పెట్టుకున్న మనిషికి ఎదురెలా చెప్తామన్నారు.

"మరి ఆయ్ అన్నారుగా!" అన్నాను.

"అన్నామమ్మా. వింటున్నామని."

అదీ సంగతి. ఆ రోజు నుంచీ నాకు ఈ ఆయ్ పిచ్చి పట్టుకుంది. బజారులో, బస్సులో, బళ్ళో ఎవరు ఆయ్ అన్నా చెవులు రిక్కించేదాన్ని. కొట్టులో ధర చెప్తే పొట్టిగా అనే ఆయ్ వేరు, కొననని దానికి అర్థం. చర్చిలో ప్రసంగం సాగే కొద్దీ వెనక బల్లల మీంచి వచ్చే ఆయ్ వేరు, అది సగం నిద్ర. పెద్దవాళ్ళు పని చెప్తే అనే ఆయ్ ఇంకోటి, అది రేపటి మాట. ఇన్ని రకాల్లో బాగుంది అని అర్థమొచ్చేది ఒక్కటైనా ఉందా అని వెతికితే నాకు కనబడలేదు. ఇంతకాలం ఈ ఊళ్ళో ఎలా బతికానా అనిపించింది.

ఇక లాభం లేదని, అరుగు మీద ఆయ్ అనకూడదని నేనే కట్టడి పెట్టాను. అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు, ఉన్నదున్నట్టు చెప్పుకుందాం అన్నాను. అందరూ ఆయ్ అన్నారు.

ఆ వారం అన్నయ్యగారు కొత్త పాట తెచ్చారు. వేటకి వెళ్ళే పడవ మీద పాట. పల్లవి బ్రహ్మాండంగా ఎత్తుకున్నారు గానీ దాన్ని వదిలి ముందుకి కదలరే! తిప్పి తిప్పి అదే. అయ్యాక బాబాయిగారు గొంతు సవరించుకుని ఆకాశం వంక చూశారు. నేను మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. పల్లవి సాగదీశారండి, విసుగొచ్చింది అని. అన్నయ్యగారు ఎంతో మర్యాదగా తలూపి తబలాలు సంచీలో పెట్టుకున్నారు. తరవాతి శనివారం ఆయన రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

ఉన్నదున్నట్టు చెప్పుకుందామంటే అందరూ ఒప్పుకున్నారు, చెప్పాను, ఇందులో నా తప్పేముందని నేను బిగదీసుకునే ఉన్నాను. కానీ తబలా లేకుండా అరుగు బోసిగా ఉంది. అసలు చిక్కు ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. చెప్పకపోతే పాట పోతోంది, చెబితే మనిషి పోతున్నాడు. ఈ రెండింటికీ మధ్య దారి ఉండకుండా ఉంటుందా?

ఆ దారి కనిపెట్టింది పిన్నిగారు. బాబాయిగారు కబురు మీద కబురు పెడితే అన్నయ్యగారు చివరికి వచ్చారు. మొహమాటపడుతూనే ఆ పడవ పాట మళ్ళీ పాడారు. పల్లవి మళ్ళీ గిరగిరా తిరుగుతోంది. నేను పళ్ళ బిగువున నోరు మూసుకుని కూర్చున్నాను. పిన్నిగారు గుమ్మంలోంచి టీ గ్లాసులు తీసుకుంటూ మెల్లిగా అన్నారు.

"పల్లవిగారు ఇందాకణ్ణుంచీ రేవులోనే నిలబడిపోయేరండి. అవతల ఒడ్డున చరణంగారు కాచుకుని ఉన్నారు. పాపం, ఎవరైనా పడవ ఎక్కించండి."

అందరికంటే ముందు నవ్వింది అన్నయ్యగారే. నవ్వి నవ్వి, ఎక్కించేస్తానండి అని అక్కడికక్కడే పల్లవిని సగానికి కోసి పాడారు. పాట పరుగెత్తింది. నేను చెప్పిందీ అదే, పిన్నిగారు చెప్పిందీ అదే. తేడా అల్లా ఒక్క గారు.

ఇక చూడండి మా సంబరం! మనిషి మొహం మీద అనలేనిది పాటగారి మీద ఎంతైనా అనొచ్చని తేలిపోయింది. నాలుగో పాదంగారికి కొంచెం ఆయాసంగా ఉన్నట్టుందనేవారు బాబాయిగారు. స్వరాన్ని ఎవరైనా అనవసరంగా మెలిక తిప్పితే, ఈ సంగతిగారు పిలవని పేరంటానికి వచ్చేరేమో కనుక్కోండి అనేవారు అన్నయ్యగారు. నేను నా పల్లవి గురించి పక్కింటావిడ మీద చెప్పినట్టు నేనే చాడీలు చెప్పేదాన్ని. తాళం సాగడం మానింది. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని, నాకు ఊపిరి సరిగా ఆడింది అప్పుడే.

ఆ ఏడే మా అమ్మ పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. రేడియోలో నా గొంతు వినకుండానే పోయింది.

మళ్ళీ పరీక్షకి పిలుపు వచ్చినప్పుడు కొత్త పాట కట్టాను. సాయంత్రాల మీద పాట. మూడు చరణాలు. రెండో చరణం అమ్మది. దీపాలు పెట్టే వేళకి అమ్మ కాలవ మెట్ల మీద గిన్నెలు తోముకుంటూ, ఆటల్లో పడిపోయిన నన్ను పేరు సాగదీసి పిలిచేది. ఆ పిలుపునే వరసగా కట్టాను. ఆవిడ రేడియోలో నన్ను వినలేకపోయింది కాబట్టి, ఆవిణ్ణే రేడియోలోకి తీసుకెళ్దామనుకున్నాను. ఈసారి పరీక్ష నెగ్గాలన్న పట్టుదల అంతా అందుకే.

అరుగు మీద పాడాను. అయ్యాక ముగ్గురూ ఒకేసారి "ఆయ్" అన్నారు.

మళ్ళీ పాత ఆయ్! కట్టడి ఏమైందని గట్టిగానే అడిగాను. అందరూ కిందకి చూశారు. వారం వారం పాడాను. మొదటి చరణంగారి గురించి చెప్పారు, మూడో చరణంగారికి ఒక మాట మార్చమన్నారు, రెండో దాని జోలికి మాత్రం రారు. పరీక్ష దగ్గరపడుతోంది. ఇలా కాదని ఒక్కొక్కరినీ విడివిడిగా పట్టుకున్నాను. బస్సు కోసం నిలబడ్డ అన్నయ్యగారిని అడిగితే, ఆవిడ వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోందండి అన్నారు. బాబాయిగారిని అడిగితే, ఆవిడ దగ్గర గొంతు శ్రుతి దాటిపోతోందమ్మా అన్నారు.

ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే తట్టింది. అప్పటిదాకా మా చరణాలన్నీ ఆయనలే. ఎప్పుడు ఎలా మొదలైందో గానీ, ఈ ఒక్క చరణంగారు మాత్రం అందరి నోటా ఆవిడ. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. వెనక్కి తిరిగి పిన్నిగారి దగ్గరికే వెళ్ళాను. ఆవిడ కొబ్బరి కోరుకుంటున్నారు. ఆ చరణం తీసేయమంటారా, చెప్పండి అన్నాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"తీసేయమని ఎవరన్నారు?" అన్నారు పిన్నిగారు. "ఆవిడ వచ్చేసరికి మీరు పాటని వదిలేసి ఆవిడ దగ్గరికెళ్ళిపోతున్నారమ్మా. మేమూ పాట వినడం మానేసి మిమ్మల్నే చూస్తున్నాం. ఆ అద్దాల గదిలో, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఆవిడెందుకండి? బెజవాడ తీసుకెళ్ళకండి. ఇక్కడే ఉండనివ్వండి, మేం చూసుకుంటాం."

నేను అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. పిన్నిగారు కోరాము పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి నాకు ఒక మాట గుర్తొచ్చింది. రేడియోలో నన్ను వినాలని అంది మా అమ్మ. అందులో తాను ఉండాలని ఏనాడూ అనలేదు.

బెజవాడ వెళ్ళాను. అద్దం అవతల నుంచి మొదలుపెడతారా అని అడిగితే, నాలుక కరుచుకుని "అలాగేనండి" అన్నాను. రెండు చరణాలే పాడాను. నెగ్గాను.

పాట రికార్డు చేసుకుని, కొన్ని నెలల తరవాత ఒక సాయంత్రం వేశారు. అరుగు మీద బాబాయిగారి ట్రాన్సిస్టర్ చుట్టూ చేరాం. అన్నయ్యగారు అలవాటు కొద్దీ తబలాలతోనే వచ్చారు. నా గొంతు నాకు ఎవరిదోలా వినబడింది. పల్లవిగారు చక్కగా వచ్చారు, మొదటి చరణంగారు వచ్చారు. ఆ పైన రెండోది లేకుండా మూడోది మొదలైన చోట నేను ట్రాన్సిస్టర్ మీంచి చూపు తిప్పుకున్నాను. మిగతావాళ్ళూ అంతే, ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. పాట అయిపోయింది. తాళం ఎక్కడా సాగలేదు.

బాబాయిగారు రేడియో కట్టేసి హార్మోనియం ముందుకి జరుపుకున్నారు. అన్నయ్యగారు సంచీ విప్పారు. పిన్నిగారు గుమ్మంలో ఒక పక్కకి జరిగి కూర్చున్నారు, ఇంకొకరికి చోటిచ్చినట్టు.

"ఇప్పుడు ఆవిణ్ణి పిలవండమ్మా," అన్నారు.

పాడాను. తాళం సాగింది. గొంతు శ్రుతి దాటింది. చివరి పాదంలో పూర్తిగా పూడుకుపోయింది. అన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. అయిపోయాక ఎవరూ చరణంగారి మీద ఒక్క మాట అనలేదు. కాసేపటికి అన్నయ్యగారు తబలా మీంచి చెయ్యి తీసి, ఆయ్ అన్నారు.

వింటున్నామని.