అవ్వ ఉతికిన నక్షా

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్‌లో నేను ఏడో తరగతి. మా సోషల్ సారు దగ్గర మంజీర లోయ పాత నక్షా ఒకటి ఉండేది. బట్టకు అతికించిన కాగితం మ్యాపు... సింగూరు డ్యాం కట్టకముందుది. వాగులు, గుట్టలు, బావులు, చివరికి బండ్ల బాటలు కూడా ఉండేవి అందులో. సారుకు అదంటే ప్రాణం. బడి ఎగ్జిబిషన్ కోసం చూసి గీయమని, నన్ను నమ్మి ఇంటికిచ్చారు.

ఆదివారం దాన్ని మంచం మీద పడేసి ఆటకు పోయాను. వచ్చేసరికి దండెం మీద తెల్లటి బట్ట ఆరుతోంది...

"మస్తు మాసింది బిడ్డా. రెండుసార్లు సబ్బు వెట్టి బండకు కొట్టిన" అంది మా అవ్వ గొప్పగా. కాగితమంతా పిప్పయి మోరీలో కొట్టుకుపోయింది.

నేను ఏడుపు లంకించుకున్నాను. "గది సారు నక్షా అవ్వా... మీ తల్లిగారి ఊరు గుడ ఉండె అండ్ల!"

అవ్వ పుట్టిన ఊరు సింగూరు నీళ్లలో మునిగిపోయింది. నా మాట విని అక్కడే కూలబడింది.

"ఒకపారి డ్యాంల మునిగె... ఇంకోపారి నేనే బకెట్ల ముంచితినా" అంది.

మర్నాడు నాతో బడికొచ్చింది. బట్ట సారు చేతిలో పెట్టి, "పోరిదేం తప్పు లేదు సారూ. కొడితే నన్ను కొట్టు" అంది. సారు ఆ తెల్లటి బట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తర్వాత బట్టను బల్ల మీద పరిచి పెన్సిల్ తీశారు. "మీ ఊరు యాడుండె అవ్వా? చెప్పు, గీస్త."

అవ్వ చెప్తూ పోయింది... సారు గీస్తూ పోయారు. ఏటి ఒడ్డు, ఊరబావి, జొన్నచేన్లకు పోయే బాట...

"గీడ మా ఇల్లు. గీడ బట్టలుతికే బండ."

సారు పకపకా నవ్వారు. "గీ బండ పాత నక్షాల లేకుండె అవ్వా!"

చివర్న మూలకు 'సర్వే చేసినవారు: నర్సవ్వ' అని రాసి, బట్టను అవ్వకే ఇచ్చేశారు. చదువు రాని అవ్వ తన పేరును వేలితో తడుముకుంటూ ఇల్లు చేరింది.

తిట్టాల్సిన చోట పెన్సిల్ తీసిన ఆ సారుకు ఎన్నిసార్లు మొక్కినా తక్కువే.

ఇప్పుడు అవ్వ లేదు. ఫోన్‌లో ఆ చోటు చూస్తే అంతా నీలం... నీళ్లే. నా బీరువాలో మాత్రం అవ్వ ఊరు భద్రంగా ఉంది. పాత బట్ట కదా, మాసింది... ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఉతకలేదు!

ఫోను మ్యాపుల్లో కనిపించని ఊరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? ఒక పెన్సిల్ తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి... ఏం చెప్పారో ఇక్కడ రాయండి.