చెయ్యి తీసెయ్

ఫ్యాక్టరీలో ఆయనను అందరూ దూదిచెయ్యి అనేవారు. పెద్ద షెడ్డు కప్పు కింద, ఇటునుంచి అటు పట్టాల మీద నడిచే క్రేనులో, గాజుగదిలో కూర్చుని ఎన్నో ఏళ్ళు ఇనుప దూలాలు ఎత్తి దించాడు. లారీ అంత దూలాన్ని చెక్కదిమ్మెల మీద చప్పుడు లేకుండా ఆనించేవాడు. కింద నిలబడి సైగలు చేసే మనిషి కొత్తవాళ్ళతో, ఆ దిమ్మె మీద కోడిగుడ్డు పెట్టినా పగలదురా అనేవాడు. ఎవరూ పెట్టి చూడలేదు. మాట మాత్రం నిలిచిపోయింది.

పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే ఆయనకు ఒక సంగతి చెప్పాడు.

"అనుమానం వస్తే చెయ్యి తీసెయ్. ఆలోచించకు. మిగతాది యంత్రం చూసుకుంటుంది."

క్రేను మీటలు అలాంటివి. పట్టుకుని తోసినంతసేపే పని చేస్తాయి. వదిలితే స్ప్రింగు లాగి మధ్యకు వచ్చేస్తాయి. పైన ఎక్కడో బ్రేకు టక్కుమంటుంది. బరువు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఒకసారి, దించుతున్న దూలం కిందికి ఒక వెల్డరు మొహం మీది ముసుగు కూడా తీయకుండా నడిచి వచ్చాడు. సైగల మనిషి "చెయ్యి తీసెయ్!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తికాకముందే ఆయన రెండు చేతులూ గాలిలోకి లేచాయి. దూలం వెల్డరు నడినెత్తికి జానెడు ఎత్తున ఆగింది. నేను బతికింది దూదిచెయ్యి చలవే అని ఆ వెల్డరు కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు.

గాజుగదిలోకి వెళ్ళే ఇనుప నిచ్చెన ఎక్కడానికి మోకాళ్ళు మొరాయించాక ఇంటికి వచ్చేశాడు. ఆ వారమే కూతురు చిన్న పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చింది. అందులో అరచేతంత ఆట హెలికాప్టరు, దాన్ని నడిపే రెండు మీటల పెట్టె. ఇకనుంచి కింద కూర్చునే దీన్ని ఎత్తి దించు నాన్నా, అమ్మ నెత్తిన కూర్చోకుండా ఇదైనా పనికొస్తుంది అంది.

అది సాధువైన వస్తువు. మెత్తటి ప్లాస్టిక్ రెక్కలు ఒకదాని మీద ఒకటి రెండు జతలుగా తిరిగేవి. అందుకని అటూ ఇటూ ఒరిగినా తనంతట తానే సర్దుకునేది. గోడకు కొట్టుకుంటుందనిపిస్తే మీట వదిలేస్తే చాలు, రెక్కలు నెమ్మదించి తివాచీ మీదికి దిగేది. ఆయన చేతులకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

ఆయన భార్య ముందుగదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కుట్టుపని చేసేది. కోట్లకు బొత్తాం కాజాలు చేత్తో కుట్టగలిగినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరని పెద్ద దుకాణం వాళ్ళు ఆమెకే మూటలు పంపేవారు. కుడిచేతి బొటనవేలి మీద సూది తోసి తోసి ఒక చిన్న కాయ కాసింది. సాయంత్రం ఆయన నడవాలోంచి హెలికాప్టరు లేపి, గుమ్మం దాటించి, కుట్టుబల్ల మీదికి తెచ్చేవాడు. ఆమె తల ఎత్తకుండా సూది గుచ్చేసి కుడిచెయ్యి చాపేది. అది అరచేతికి అంగుళం పైన నిలబడగానే, "చెయ్యి తీసెయ్ బావా" అనేది. ఆయన మీట వదిలేవాడు. అది చేతిలో కూర్చునేది.

ఆమె ఆయన మేనమామ కూతురు. పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలిచేది. ఇన్నేళ్ళూ నీ చేతికింద అందరూ భయపడుతూ బతికారు, ఇప్పుడు నా చేతిమీద నువ్వు బతుకు బావా అని ఎత్తిపొడిచేది. తోకకు చుట్టుకున్న దారప్పోగులు పీకి, మళ్ళీ ఎగరనిచ్చేది.

ఏడాది తిరిగేసరికి ఆయనకు ఆ ఆట చప్పబడింది. బయటికి తీసుకెళ్తే కాస్త గాలికే చిత్తుకాగితంలా కొట్టుకుపోయేది. ఇంట్లో ఎత్తు ఇంటికప్పు వరకే. ఎప్పుడూ మనుషుల నడినెత్తులు చూసి బతికినవాడు ఇప్పుడు మొహాలు చూస్తూ తిరగాల్సి వచ్చిందని ఎవరికి చెప్పుకోగలడు?

బస్టాండు వెనక సందులో, విమానాల బొమ్మలు అమ్మి బాగుచేసే దుకాణం ఒకటి ఉంది. ఒక సాయంత్రం అక్కడ అద్దాల బీరువాలో పెద్ద హెలికాప్టరు చూశాడు. మూరెడు పొడవు. ఒకే జత రెక్కలు, నల్లగా, సన్నగా, ఇనుపబద్దలా బిరుసుగా. తోకకు విడిగా చిన్న రెక్క. దుకాణదారు దాన్ని రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మే తొందర కనిపించలేదు. ముందు కంప్యూటరు తెర మీద నడపడం నేర్చుకోండి బాబాయ్ గారూ, తర్వాత మాట్లాడదాం అన్నాడు.

ఆయన రోజూ వెళ్ళి ఆ తెర ముందు కూర్చున్నాడు. అందులో హెలికాప్టరు లేచేది, నిలబడేది, ఏదో ఒక క్షణంలో పక్కకు ఒరిగి నేలకు గుద్దుకునేది. దుకాణదారు వెనక నిలబడి గమనిస్తూ వచ్చాడు. చివరికి ఒకరోజు అన్నాడు.

"బాబాయ్ గారూ, భయమేసినప్పుడల్లా మీరు చేతులు తీసేస్తున్నారు."

"అదే కదా పద్ధతి."

"దీనికి కాదు. మీరు వదిలేస్తే ఇది ఆగదు. ఎటు ఒరిగి ఉంటే అటే పోతుంది. ఆపాలంటే ఇదిగో, ఈ మూల మీట వేయాలి. మోటారు కట్టయిపోతుంది."

క్రేనులోనూ ఒక ఎర్ర బొత్తాం ఉండేదనీ, ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాని అవసరం రాలేదనీ ఆయన చెప్పాడు. దుకాణదారు ఒక పాత అట్టపెట్టె తెచ్చి చూపించాడు. దాని పక్క నిలువునా చీలిపోయి ఉంది, పదునైన కత్తితో గీసినట్టు. ఎలా చీలిందో చెప్పలేదు. ఇది తిరుగుతున్నప్పుడు దరిదాపుల్లో మనిషన్నవాడు ఉండకూడదు, పిల్లలు అసలే వద్దు అని మాత్రం అన్నాడు. కొన్ని వారాలకు తెర మీది హెలికాప్టరు పడటం మానేసింది.

"బాగానే ఉంది, మీరు కంగారు పడనంతకాలం" అన్నాడు దుకాణదారు.

"నేను కంగారు పడగా చూసినవాళ్ళు లేరు" అన్నాడాయన. ఆ మాట నిజమే. గాజుగదిలోకి తొంగిచూసినవాళ్ళు ఎవరు గనక.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు భార్య దాన్ని కుట్టుబల్ల మీద పెట్టించి చుట్టూ తిరిగి చూసింది. రెక్క మీద వేలితో రాసింది.

"ఇంత పెద్దది నా చేతిలో ఎలా పడుతుంది బావా?"

చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ చెబితే ఆమె అప్పటికప్పుడు తిరిగి ఇచ్చి రమ్మంటుంది. కూతురికి ఫోను చేస్తుంది. ఇద్దరూ కలిసి దాన్ని గడప దాటిస్తారు.

"పట్టకపోతే రెండు చేతులూ పట్టు" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత మెల్లగా చెబుదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత అనేది వాయిదా పడుతూనే పోయింది.

మూతపడిన శీతల గిడ్డంగి వెనక ఖాళీ సిమెంటు నేల ఉంది. పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంటుంది. ఒక పక్క పొడవాటి రేకుల గోడ. అక్కడికి ఎవరూ రారు. మొదటిసారి అది అక్కడ లేచినప్పుడు, చిన్నదానిలా జుయ్యిమని ముద్దుగా కాకుండా, గుడ్డను ఎడతెగకుండా చింపుతున్నట్టు చప్పుడు చేసింది. కింద గడ్డి నేలకు అణిగిపోయింది. మంచి యంత్రం. చెప్పిందే చేస్తుంది, చెప్పినంతే చేస్తుంది, ఒక్క క్షణం చెప్పడం మానితే తన దారిన తాను పోతుంది. గాలిలో అది నిలబడినంతసేపూ ఆయన బొటనవేళ్ళు ఊపిరి తీసుకున్నట్టు కదులుతూనే ఉండాలి. ఇంటికి వచ్చాక కూడా వేళ్ళు అన్నం పళ్ళెం అంచు మీద కదులుతూ ఉండేవి.

ఒకసారి దించుతుంటే రెక్క పక్కనున్న గడ్డికాడలకు తగిలింది. అది ఆగాక వెళ్ళి ఏరి చూశాడు. కాడలు నలగలేదు, వంగలేదు. ఏటవాలుగా తెగి ఉన్నాయి. ఎందుకో వాటిని జేబులో వేసుకున్నాడు. బట్టలు ఉతికేటప్పుడు అవి ఆమె చేతికి దొరికాయి.

"జేబులో ఈ పుల్లలేంటి? నా కత్తెరతో కోసినట్టున్నాయి."

గడ్డి, అంతే అన్నాడు. ఆమె వాటిని కిటికీలోంచి పారేసింది. నన్నూ ఒకసారి తీసుకెళ్ళు, చూస్తాను అంది. ఎండ అన్నాడు ఒకరోజు. దుమ్ము, తెల్ల కోటు పని మీద ఉన్నావు, చేతులకు మురికి అన్నాడు ఇంకొకరోజు. సాయంత్రాలు చిన్న హెలికాప్టరును మాత్రం ఎప్పటిలా బల్ల మీదికి తెచ్చేవాడు. ఆమె ఎప్పటిలా చెయ్యి చాపేది. ఈ మధ్య ఆ చెయ్యి కింద కనిపించగానే ఆయన దాన్ని ఇంకో జానెడు పైకి లేపి, ఆ తర్వాతే దించేవాడు. అయినా ఆట మానితే ఎందుకని అడుగుతుంది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. గిడ్డంగి దగ్గరికి చేరాక చూసుకుంటే కళ్ళజోడు లేదు. దూరంగా పోనివ్వకుండా ఛాతీ ఎత్తున నిలిపి ఉంచుతాను, దానికి కళ్ళజోడు ఎందుకు అనుకుని లేపాడు. ఇంట్లో ఆమెకు కత్తెర పక్కన కళ్ళజోడు పెట్టె కనిపించింది. అది లేకుండా ఈయన దాన్ని ఏ గోడకో గుద్దుతాడు అనుకుని, మెడలోని కొలతటేపు కూడా తీయకుండా, ఆయన చెప్పే గిడ్డంగి వైపు బయల్దేరింది.

రేకుల గోడ మూల తిరిగి ఆమె వచ్చేసరికి హెలికాప్టరు గాలిలో ఉంది. ఆయనకు ముందు లేత రంగుదేదో కదిలినట్టు కనిపించింది. ఏ కాగితమో ఎగిరి వస్తోందనుకున్నాడు. అప్పుడు ఎడమచేతిలో కళ్ళజోడు పెట్టె కనిపించింది. ఆ తర్వాత కుడిచెయ్యి. ఆమె నవ్వుతూ, అరచెయ్యి పైకి తిప్పి, నేరుగా దానివైపు నడుస్తోంది.

"చెయ్యి తీసెయ్!" అని అరిచాడు.

ఆ మాట ఆమెకు చేరింది. ఏడాదిగా ఆ మాట ఆమెదే. ఈరోజు బావ తన వంతు మాట లాక్కుని వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. ఆ మాట వినిపించిందంటే చెయ్యి కదపకూడదు. ఆమె ఆగి, అరచేతిని ఇంకాస్త పైకెత్తి నిశ్చలంగా పట్టింది.

ఆ మాట ఆయన చేతులకూ చేరింది. ఆలోచించకు అన్న మేస్త్రి మాట ప్రకారం అవి ఆలోచించలేదు. రెండు బొటనవేళ్ళూ మీటల మీంచి లేచిపోయాయి.

హెలికాప్టరు ఆగలేదు. అప్పటికి ఆమెవైపు కొంచెం ఒరిగి ఉంది. ఆ ఒరుగులోనే ముందుకు జారింది. జారుతున్నకొద్దీ వేగం అందుకుంటూ, ఎత్తు పోగొట్టుకుని నేల దాకా దిగుతూ, సరిగ్గా చెయ్యి చాచి నిలబడ్డ ఆమెవైపు వెళ్ళింది. మూల మీట ఎక్కడుందో ఆయన వేలికి తెలుసు. వేలు గాలిలో ఉంది. బ్రేకు టక్కుమనడం కోసం ఆయన ఒళ్ళంతా ఎదురుచూస్తోంది.

ఆ సిమెంటు నేల మీద, ఎప్పుడో ఎవరో పోసి వదిలేసిన గట్టు ఒకటి, గడ్డిలో కనపడకుండా, ఆమెకు రెండడుగుల ఇవతల ఉంది. హెలికాప్టరు కాలు దానికి తట్టింది. అది ముక్కుమీద తిరగబడింది. రెక్కలు నేలను కొట్టాయి. ఒక పెద్ద చప్పుడు, ఆ వెంటనే రేకు మీద ఇంకొక చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆయన పరుగున వెళ్ళి ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలి మీది కాయ, గీతలు, అన్నీ ఉన్నాయి. ఆమె ఆయన్ని చూడటం లేదు. వెనక రేకుల గోడను చూస్తోంది. ఆమె భుజం ఎత్తున, విరిగిన నల్లరెక్క ముక్క రేకును చీల్చుకుని సగం దాకా దిగి ఉంది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. కళ్ళజోడు పెట్టె ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు కనపడుతుండగా అడిగింది.

"చెయ్యి తీసెయ్ అన్నావు. ఎవరితో అన్నావు బావా?"

"నీతోనే."

"మరి నువ్వెందుకు తీశావు?"

ఆయనకు ఆ వెల్డరు నడినెత్తి గుర్తుకొచ్చింది. ఆ రోజు దూలాన్ని ఆపింది కప్పు కింద ఎక్కడో ఉన్న బ్రేకు. తన చేతులు చేసింది గాలిలోకి లేవడమే. ఈరోజూ అవి అదే చేశాయి, అంతే శ్రద్ధగా.

విరిగిన ముక్కలు పెట్టెలో సర్ది బీరువా మీద పెట్టాడు. ఆమె కూతురికి ఫోను చేయలేదు. చేసి తిట్టించినా బాగుండేదనిపించింది ఆయనకు. తెల్లకోటు ముందు వేసుకుని కాజాలు కుడుతూ కూర్చుంది. సూది ఎప్పటిలాగే నడుస్తోంది.

కొన్నాళ్ళు పోయాక ఒక సాయంత్రం ఆయన చిన్న హెలికాప్టరు తీశాడు. నడవాలోంచి లేపి, గుమ్మం దాటించి, కుట్టుబల్ల మీదికి తెచ్చి నిలిపాడు. ఆమె సూది గుచ్చేయలేదు. కుడిచెయ్యి కోటు మడతల కిందికి వెళ్ళింది, చలివేసిన చెయ్యిలా. హెలికాప్టరు ఆ ఖాళీ మీద జుయ్యిమంటూ నిలబడింది. ఆమె తల ఎత్తకుండానే అంది.

"చెయ్యి తీసెయ్ బావా."

ఆయన తీయలేకపోయాడు. తీస్తే మెత్తగా బట్ట మీద పడుతుందని తెలుసు. వేలు మీటకు అతుక్కుపోయినట్టు నొక్కిపట్టి అలాగే నిలబడ్డాడు. ఛార్జింగు తగ్గి ఆ చప్పుడు సన్నబడుతోంది. కోటు కింద చెయ్యి కదలలేదు. అది దానంతట అది దిగివచ్చేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.