గడప దాటని రొట్టె

అమీర్‌పేటలో మమ్మల్ని శనివారపోళ్లు అనేవారు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదు కనుక. యూదులమని చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు, మా పక్కింటి క్రైస్తవులకు తప్ప. వాళ్లకు అబ్రాహాము దగ్గర్నుంచి మా తాతముత్తాతలందరూ తెలుసు. నాన్న రైల్వే ఉద్యోగం మీద కొంకణం నుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. పక్కింటమ్మాయీ నేనూ కలిసి పెరిగాం, కలిసే మిషన్ కాలేజీలో చేరాం. రోజూ పంజగుట్ట దాకా నడిచి బస్సెక్కేవాళ్లం.

ఈస్టరు సెలవులకు ముందు రోజు కాలేజీ ప్రార్థనలో సిలువ కథ చదివారు. బయటికొస్తుంటే ఒకతె నన్ను చూపించి, ఏసయ్యను చంపింది వీళ్లేనంది. నలుగురు నవ్వారు. వాళ్లను నేను లెక్కచేయలేదు. కానీ నా స్నేహితురాలు అవునన్నట్టు తలూపి వాళ్లతోనే వెళ్లిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. నేను అసలే మొండిదాన్ని. ఇంటికి రాగానే, ఇక కాలేజీకి పోనని నాన్నతో తెగేసి చెప్పాను. పండుగయ్యాక మాట్లాడుకుందాం అన్నాడాయన.

ఆ పండుగ మా పస్కా, మా పూర్వీకులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ పండుగ. ఇంటికి సున్నం వేయించి, రాగి గిన్నెలన్నిటికీ కళాయి పెట్టిస్తాం. ఎనిమిది రోజులు పులిసినదేదీ గడప లోపలికి రానివ్వం. బియ్యప్పిండి రొట్టెలే తింటాం. ఈ విషయంలో అమ్మ మహా గట్టిది.

ఈస్టరు నాటి ఉదయం నా స్నేహితురాలు మా గుమ్మంలో నిలబడింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. అందులో తొలిసారి తన చేత్తో కాల్చిన రొట్టె. కల్లు పోసి పొంగించినట్టు వాసనే చెబుతోంది. క్షమించమని అడగడానికి లోకంలో ఇంకేమీ దొరకలేదా అనిపించింది. తీసుకుంటే అమ్మ పండుగ పాడవుతుంది. వద్దంటే మా స్నేహమే పోతుంది.

అమ్మే బయటికొచ్చింది. పళ్లెం అరుగు మీద పెట్టించి, అది ఎందుకు లోపలికి రాకూడదో నెమ్మదిగా చెప్పింది. మా రొట్టెలు రెండు, కాస్త ఖర్జూర పాకం తెచ్చి తినమంది. ఆ పిల్ల అరుగు మీదే కూర్చుని ఒక ముక్క తుంచి చూసింది.

"పులియని రొట్టెలు," అంది. "ఏసయ్య సుత గివే తిన్నడు. గాయన మీ మనిషే. గది నాకు యాదికి రాలే."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా కోపం పోలేదన్నాను. ఉంటే ఉండనీ, కాలేజీకి మాత్రం రమ్మంది.

సెలవులయ్యాక వెళ్లాను. మొదటి రోజే, అప్పుడు నన్ను చూపించి ఆ మాటన్న పిల్ల మళ్లీ అదే ఎత్తుకుంది. నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఏసయ్య తల్లి సుత యూదురాలే. గామెను సుత అంటవా?"

ఆ పిల్ల తల తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఎంతో హాయిగా ఇంటికొచ్చాం.